పూత మీదున్న ఉలవచేను

పోయిన నెల ఒక మంగళవారం నా భార్య చనిపోయింది. ఆ ఉదయం సంగటి తినలేదు, మజ్జిగ మాత్రం తాగింది. పదింటికి ఛాతీ బరువుగా ఉందన్నది. కారులో తిరుపతికి బయలుదేరాం. దారిలో రెండుసార్లు నీళ్లడిగింది. ఆసుపత్రి చేరేసరికి ఆమె లేదు. సాయంత్రానికి బంగారుపాళ్యం తిరిగి వచ్చాం.

వ్యవసాయ మాసపత్రికలో మామిడి గురించి ఆమె రాసినవి మీలో కొందరు చదివే ఉంటారు. ఆమె చిత్తుప్రతిని నేను తిరగరాసేవాణ్ణి. కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి. మట్టి గురించి నాకు తెలిసిందంతా ఆ తిరగరాతలో తెలిసిందే. ఏ పద్ధతినైనా మా తోటలో మూడు కాపులు చూడనిదే ఆమె రాసేది కాదు. చెడిపోయిన చెట్ల సంగతీ దాచేది కాదు.

ఒకసారి ముదురు చెట్లకు కొమ్మలు కొట్టడం గురించి రాసింది. వ్యాసం పొడవైందని, అలా కొట్టగా మా నాలుగు చెట్లు ఎండిపోయిన పేరా నేను తీసేశాను. ఆమెకు చెప్పలేదు. మరుసటి ఏడు కార్వేటినగరం వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు.

"మీరు రాసినట్టే కొట్టినానమ్మా. ఆరు మాన్లు ఎండిపోయినాయి."

మరునాడే ఇద్దరం బస్సెక్కాం. ఆ మోడుల దగ్గర నిలబడి, నేను నోరు విప్పేలోపే, "తప్పు మాదే నాయనా" అంది. తిరుగు బస్సులో మాత్రం, "మీకు పోయింది పేరా. ఆయప్పకు పోయింది మాను" అంది. అంతే. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

రెండేళ్లుగా మామిడి వరుసల మధ్య ఉలవలు చల్లి, పూతకు రాగానే నేలకు బలమని దున్నించేసేది. పక్క తోట రైతు నవ్వేవాడు.

"ఏమ్మా, కడుపుకు తినే ఉలవల్ని దున్నేస్తా ఉండావే. చారుకన్నా మిగల్చు."

"చారు మీ ఇంట్లో తాగుతాలేన్నా. ఈడ మాన్లు తినాల."

ఇది మూడో ఏడు. చనిపోవడానికి మూడు వారాల ముందు తన చేత్తోనే చల్లింది. పత్రిక సంపాదకులు ఫోన్ చేసి, ఈ ఉలవల పద్ధతి మీద ఆమె రాసుకున్నది ఉన్నంతవరకు తిరగరాసి పంపితే ఆమె జ్ఞాపకంగా వేస్తామన్నారు. మూడో కాపు ఇంకా రాలేదన్నాను.

ఇప్పుడు తోటంతా లేతపసుపు పూత. ఆమె చల్లిన చివరి విత్తనం. రోజూ వెళ్లి ఆ వరుసల మధ్య నిలబడి వస్తున్నాను. ట్రాక్టర్‌కు చెప్పడానికి నోరు రాలేదు. నిన్న ఆ పక్క రైతే వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"సార్, పిందె పడతా ఉండాది. తీగ ముదిరిపోతే దున్నినా మట్టిలో కలవదు. ఆయమ్మ ఉంటే ఈపాటికి దున్నించేసుండును."

"ఇంకో నాలుగు దినాలు ఉండనీప్పా."

"ఎవురి కోసరం సార్?"

ఆయన వెళ్లాక ఫోన్ తీశాను.

రేపు ఉదయం ఆరింటికి ట్రాక్టర్ వస్తుంది. నేను ముందే వెళ్లి గేటు తీస్తాను. మొదటి చాలు ఏ వరుసలో వేయాలో చూపించి, పక్కకు జరిగి నిలబడతాను.