సమ్మక్క నింపనియ్యని కాలమ్

సమ్మక్కను కాయితాల మీద ఆపరేటర్ అని రాసుకున్నరు. కాంట్రాక్టు ఆపరేటర్. టైపు కొట్టాలె, నోరు మూసుకోవాలె, గంతే. గని జగిత్యాలల ఆ సర్కారు ఆఫీసు సర్వర్ మొరాయించిందంటే ఎవరి కోసం ఉరికేటోల్లో అడుగుండ్రి. సమ్మక్క కోసమే! తలుపు మీద సిస్టమ్ మేనేజర్ అనే బోర్డు మాత్రం శశిధర్ రావుది.

ఆమెది గొల్లపల్లి దిక్కు ఊరు. జానెడు భూమి లేని ఇల్లు. తండ్రి ఓదెలు చిన్నప్పుడే పోతే, కన్న అవ్వ సత్యవ్వ కైకిలి కూలికి పోయి ఇద్దరు పిల్లలను సాదింది. పెద్దోడు కనకయ్య. చెల్లెను కంప్యూటర్ కోర్సుల చేర్పించింది ఆయనే. తొంభై ఆరుల ఒకనాడు "బొంబాయి పోతున్న, ఆడికెల్లి దుబాయి" అని సంచి సంకకేసుకొని బస్సెక్కిండు. పోయినోడు పోయినట్టే. ఉత్తరం లేదు, ఫోను లేదు. దుబాయిల సూసిన అన్నోడు ఒకడు. అడివిల నక్సలైటు అన్నలతోటి తుపాకి పట్టుకొని కనవడ్డడు అన్నోడు ఇంకొకడు. ఐదేండ్లు గడిచినా ఏది నిజమో ఇంట్ల తెల్వది.

సమ్మక్క పనితనం గురించి ఒక్క ముచ్చట చెప్పాలె. సిరిసిల్ల ఆఫీసుల మిషను రోజూ పొద్దుగాల పడిపోతుండె. హైదరాబాదు నుంచి ఇంజనీరు అచ్చి, సాఫ్ట్‌వేర్ తప్పని, రెండుసార్లు మొత్తం తుడిచి మల్ల ఎక్కించిండు. ఐనా పడుడు పడుడే. సమ్మక్క బస్సుల పోయి తెర ముందల కూసోలే, వాకిట్ల నిలవడ్డది. ఎనిమిది కాంగనే గల్లిగల్లికి మగ్గాల సాంచాలు షురువైనయి, నెత్తి మీద బల్బు గుడ్డిగయ్యింది. "మగ్గాలన్ని ఒక్కసారి లేస్తే కరెంటు పడిపోతది సార్. మీ యూపీఎస్ల బ్యాటరీ ఎప్పుడో సచ్చింది. సాఫ్ట్‌వేర్ను ఎందుకు తిడుతున్నరు?" అన్నది. ఇంజనీరు మొఖం మాడిపోయింది. కోరుట్లల ఒక్క పేరు దేవులాడాలంటే పావుగంట పట్టేది. ఈమె పోయి పేర్లకు ఇండెక్స్ కట్టింది. అంటే, మొదటి మనిషి నుంచి ఆఖరి మనిషి దాక తిరగెయ్యకుంట సక్కగ ఆ పేరు కాడికే పోయేటట్టు చేసింది. చిటికెల పనైపోయింది. మెచ్చుకునే ఉత్తరం మాత్రం శశిధర్ రావు పేరు మీద అచ్చింది.

రెండువేల ఒకటి ఎండకాలంల ఇంటింటి సర్వే అయ్యింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఏడు లక్షల మంది వివరాలు ఆ సర్వర్లకు ఎక్కినయి. అండ్ల ఒక కాలమ్ ఉండె, మనిషి ఇప్పుడు యాడున్నడని. ఇంట్ల ఉంటే ఒకటి, వేరే ఊర్ల ఉంటే రెండు, దేశం బయట ఉంటే మూడు, పరారీల ఉంటే తొమ్మిది.

ఏ మారాజు తయారుచేసిండో గని ఆ కాలమ్, మన ఊర్ల సంగతి ఆయనకు అసలు తెల్వదు. గా రోజులల్ల వయసు పిలగాడు ఇంట్ల కనవడకపోతే యాడికి పోయిండని ఎవ్వలు అడుగకపోయేది, ఎవ్వలు చెప్పకపోయేది. చెప్తే పోలీసులతోటి ఒక బాధ, అన్నలతోటి ఇంకో బాధ. ఏజెంటును పట్టుకొని పరాయోల్ల పేరున్న పాస్‌పోర్టు మీద గల్ఫుకు పోయినోల్ల ఇండ్లల్ల అయితే నోరే లేవదు. సర్వేకు పోయిన బడి పంతుల్లకు మాత్రం పాణం తీపి గాదా? ఆ కాలమ్ ఖాళీగ ఇడిసిపెట్టి పక్కింటికి పోయిండ్రు. ఎండకు సాతగాక ఇంకొన్ని ఖాళీగ ఇడిసిండ్రు. అన్ని కలిపి ఆరువేల నాలుగు వందల పన్నెండు.

ఒకనాడు పదకొండు గంటలకు శశిధర్ రావు చేతుల కాయితం పట్టుకొని అచ్చిండు. పరారీల ఉన్నోల్ల లిస్టు నాలుగు గంటలకు పోలీసు జీపుల పోవాలె, ఏ కాలమ్ ఖాళీ ఉండొద్దు.

"సమ్మక్కా, ఖాళీ ఉన్నయన్ని తొమ్మిది కొట్టు."

"ఖాళీ అంటే తెల్వదని సార్. తెల్వదంటే పారిపోయిండని కాదు."

"ఒక్క లైను కమాండుకు ఇంత లొల్లి పెడుతవేంది?"

"మన కోరుట్ల దిక్కు ఇబ్రహీంపట్నంల సగం ఇండ్లల్ల మొగోల్లు ఎడారిల ఒంటెలు కాస్తున్నరు. అన్ని ఇండ్లకు జీపు పంపుతరా?"

శశిధర్ రావు ముసిముసిగ నవ్విండు. "మీ అన్నది గూడ ఖాళీనే గదా. గందుకా బాధ?"

సమ్మక్కకు కాళ్ల నుంచి నెత్తిదాక మండింది. "ఔ సార్, గందుకే. తొమ్మిది పడ్డ ఇంటి ముందల రేపు జీపు ఆగుతది. ఇంట్ల మా అవ్వ ఒక్కతే ఉన్నది. కొడుకు యాడున్నడని కొట్టి అడుగుతరు. తెల్వనిదాన్ని ఆమె ఏం చెప్పాలె? నేను కొట్ట. మీరేం జేసుకుంటరో జేసుకోండ్రి."

"లెవ్వు అయితే."

కుర్చి ఇడిసింది గని గదిల నుంచి కదలలే. శశిధర్ రావు కూసున్నడు. పెద్ద పాస్‌వర్డ్ ఆయన దగ్గరనే ఉండె, కమాండు కొట్టక మాత్రం ఏండ్లయ్యింది. ఈ కాలమ్ల తొమ్మిది పెట్టుమని రాసిండు. ఎవరికి పెట్టాల్నో రాసుడు మరిచిపోయిండు. ఖాళీ ఉన్నోల్లకు మాత్రమే అనే ముక్క లేకపోతే సర్వర్ ఏం జేస్తది? అందరికి పెడుతది. దానికి మొఖమాటం ఉంటదా ఏంది? ఏడు లక్షల చిల్లర మారినయని తెర మీద అచ్చింది.

"అయ్యో, ఏం ముట్టకుండ్రి సార్!" సమ్మక్క ఉరికచ్చింది. "ఇంకా పక్కా కాలే. రోల్‌బ్యాక్ అని ఒక్క మాట కొట్టుండ్రి, అన్ని ఎనుకకు పోతయి."

"నువ్వు నాకు నేర్పుతవా?" అని ఆయన ఎగ్జిట్ కొట్టి తెర మీది కిటికీ మూసిండు. ఆ సర్వర్ల ఎగ్జిట్ కొట్టి మూసినమంటే పక్కా చేసినట్టే లెక్క. అయిపాయె.

నమ్మలేక తన ఇంటి నంబరు కొట్టి ప్రింటు తీసిండు. ప్రింటరు గరగర తిరిగి కాయితం బయటికి తోసింది. తండ్రి పురుషోత్తం రావు, పరారీ. శశిధర్ రావు, పరారీ. భార్య గిరిజ, పరారీ.

సమ్మక్క వంగి సూసింది. ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలే. "మీ నాయిన పెద్దదొరది మాత్రం సరిగ్గనే పడ్డది సార్! డెబ్బై తొమ్మిదిల కూలోల్లందరు ఒక్కటై లేస్తే మా ఊరిడిసి పోయినోడు, మల్ల ఆ దిక్కు తొంగి సూడలే. వండిన బువ్వ గూడ తినకుంట ఉరికిండని మా అవ్వ ఇప్పటికీ చెప్తది."

"నోరు ముయ్యి! నక్సలైటు చెల్లెవని ఒక్క ముక్క రాసిస్తే నీ గతేందో తెలుసా?"

"రాసియ్యుండ్రి. ఏడు లక్షల మంది పరారీ అని లిస్టు గూడ మీ సంతకంతోనే పంపుండ్రి. జిల్లా మొత్తం నవ్వుకుంటది."

ఆయన కుర్చిల కూలవడ్డడు. గొంతు తగ్గించి, "నిన్నటి బ్యాకప్ ఉన్నదా?" అన్నడు. టేపులు దండుగ అని రెండేండ్ల నుంచి ఆమెను సతాయించింది ఆ నోరే. ఏ రోజూ తప్పకుంట పొద్దుగూకంగ టేపు తీసి, తీసిందాన్ని మల్ల చదివి సూసుకునేది సమ్మక్క ఒక్కతే.

"ఉన్నది. ఎక్కిస్త. గని ముందుగాల కాయితం రాయుండ్రి. ఖాళీ ఉన్నయి ఖాళీగనే ఉంటయి, రిపోర్టుల వివరాలు తెలియవు అని పోతది. మీ సంతకం, మొహర్ రెండూ కావాలె."

"బెదిరిస్తున్నవా?"

"బెదిరిస్తున్న సార్."

గడియారం ఒంటిగంట చూపిస్తుండె. పెన్ను తీసిండు, రాసిండు, మొహర్ కొట్టిండు. సమ్మక్క ఆ కాయితం మడిచి రైకల పెట్టుకున్నంకనే టేపు లోపలికి తోసింది. రెండున్నరకు కరెంటు పోయింది. యూపీఎస్ కూత పెట్టింది. శశిధర్ రావు దేవునికి దండం పెట్టవట్టిండు. "బ్యాటరీ పోయిన నెలనే మార్పిచ్చిన, కూసోండ్రి" అన్నది. పావు తక్కువ నాలుగుకు అయిపోయింది. ఆమె ఊకె నమ్మలే. ఖాళీలు మొదలు లెక్కవెట్టింది. ఆరువేల నాలుగు వందల పన్నెండు. ఒక్కటి తగ్గలే.

హెడ్ కానిస్టేబుల్ అచ్చి పరారీ లిస్టు తీసి సూసిండు. మొత్తం సున్న. "ఒక్కడు గూడ లేడా?"

"లేడు సార్. తెల్వనోల్లు ఆరువేల పైన ఉన్నరు. అండ్ల తొంభై ఏండ్ల రుక్కమ్మ గూడ ఉన్నది. ఆ లిస్టు కాయితాలు డబ్బాల పెట్టియ్యాల్నా, మోసుకపోతరా?"

ఆయన శశిధర్ రావు మొఖం సూసిండు. శశిధర్ రావు కిటికీ దిక్కు సూసిండు. సున్న ఉన్న ఆ ఒక్క కాయితం పట్టుకొని జీపు ఎల్లిపోయింది.

నెల తిరగకముందే సమ్మక్క కాంట్రాక్టు తీసేసిండ్రు. కారణం రాయలే. ఆమె అడుగలే గూడ, కోరుట్లల ఒక కంప్యూటర్ సెంటర్ల పిల్లలకు పాఠం చెప్తానికి తెల్లారే మాట్లాడుకున్నది. గని అవ్వకు చెప్పుడే కష్టమైంది. సత్యవ్వ వాకిట్ల చింతపండు గింజ తీసుకుంట కూసున్నది. సమ్మక్క పక్కన కూసొని జరిగిందంత చెప్పింది. చెప్తుంటే మొదటిసారి ఏడ్పచ్చింది.

"నీ అన్న కాడ ఏం రాసి ఉన్నది బిడ్డా ఇప్పుడు?"

"ఏం లేదు అవ్వా. ఖాళీనే."

సత్యవ్వ గింజ తీసుడు ఆపలే. "ఉండనియ్యి. కడుపుల మోసి కన్నదాన్ని, నా కొడుకు యాడున్నడో నాకే తెల్వది. ఆ దొర కొడుక్కెట్ల తెలుస్తదే?"