మన పిల్లల కొలతలు లేని రోజుల్లో

పోయిన వారం మనవరాలిని మా ఊరి వైట్ టౌన్‌లో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు, పక్కనుంచి తీసిన దాని తల ఎక్స్‌రే మీద కంప్యూటరు తనంతట తానే గీతలు గీసి, మన ప్రాంతపు పిల్లల కొలతలతో పోల్చి చూపించింది. నాకు కళ్ళెందుకు చెమర్చాయో డాక్టరమ్మకు చెప్పలేకపోయాను.

నా ఉద్యోగపు తొలి ఏళ్ళలో, ఇదే ఊళ్ళో ఒక పళ్ళ ఆసుపత్రిలో, ఎక్స్‌రేను వెలుతురు పెట్టె మీద పరిచి, పైన పల్చటి కాగితం వేసి, సన్నగా చెక్కిన పెన్సిలుతో పుర్రె, దవడలు, పెదవుల అంచులు దించి, కోణమానినితో కొలవడం నా పని. ఆ అంకెలను సరిచూసుకోవడానికి మాకున్న పట్టిక ఎక్కడో చలిదేశంలో తెల్లవాళ్ళ పిల్లలను కొలిచి తయారుచేసింది. అయినా అచ్చయిన అంకె అంటే ఆ రోజుల్లో మనకెంత నమ్మకమో మీకూ తెలుసు.

మూలకుళంలో ఉండే మా చెల్లెలు, తన ఒక్కగానొక్క కూతురికి పన్నెండేళ్ళప్పుడు, ఒక పన్ను కొద్దిగా మెలి తిరిగిందని తీసుకొచ్చింది. దాని ఎక్స్‌రేను కాగితం మీదికి నేనే దించాను. పట్టిక ప్రకారం పళ్ళూ పెదవులూ బాగా ముందుకున్నాయని తేలింది. నాలుగు పళ్ళు తీసి, మిగిలినవాటిని తీగతో వెనక్కి లాగాలన్నారు డాక్టర్లు.

"ఏందక్కా, మా ఇంట్లో అందరి నోరూ ఇట్లనే కదా ఉండాది?" అంది చెల్లెలు. లెక్క తప్పదులే అని నేనే సర్దిచెప్పాను.

రెండేళ్ళకు పళ్ళు వరసలోకి వచ్చాయి గాని, నిండుగా ఉండే పెదవులు లోపలికి పోయి, ఆ పసిముఖానికి వయసు మళ్ళిన కళ వచ్చింది. నవ్వితే చేయి అడ్డం పెట్టుకునేది.

చాలా ఏళ్ళకు మా ఆసుపత్రివాళ్ళే తేంగాయితిట్టు పేట మొదలుకొని ఊళ్ళోని బడులన్నీ తిరిగి, చక్కని పలువరస ఉన్న పిల్లలను కొలిచి మన పట్టిక తయారుచేశారు. అది పూర్తయిన రోజున పాత బీరువాలోంచి మా చెల్లెలి కూతురి కాగితం తీసి పక్కన పెట్టి చూశాను. పళ్ళు తీయకముందు దాని ముఖం ఆ కొలతలకు సరిగ్గా సరిపోయింది.

అప్పటికి చెల్లెలు లేదు. దాచుకోలేక పిల్లకు చెప్పేశాను. అది చీర కొంగు వేలికి చుట్టుకుంటూ వింది.

"పోనీ పెద్దమ్మా, నువ్వు కావాలని చేసినావా ఏంది. అమ్మ మాదిరే ఉండావని ఇప్పుడు ఎవురూ అనరు, అంతే."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఈనాటి డాక్టర్లు ముందు పిల్ల ముఖం, తల్లిదండ్రుల ముఖాలు చూసి, ఆ తర్వాతే అంకెల దగ్గరికి వెళుతున్నారు. సంతోషమే. కాని మా చెల్లెలి పోలిక చూసుకోవడానికి మిగిలిన ఒక్క ముఖాన్నీ మార్చినవాళ్ళలో నేనొకదాన్ని.