నేలకు దించిన రోజు

ఈ ఉదయం వంటింటి వెనక అత్తమ్మ కొత్త మిరపకాయలు దంచుతోంది. ఆ ఘాటుకు కళ్ళు మండుతున్నా, రోకలి పోటు వినబడగానే నా చేతులు పని మరిచిపోయాయి. ఆ చప్పుడు వెంటే నా చెవుల్లో సుగుణ సిస్టర్ గొంతు మోగుతుంది: "జల్దీ! నిద్రపోతున్నవా, దంచుతున్నవా?"

ఆమె భద్రాచలం దవాఖానాలో నర్సుగా చేసి, రిటైరయ్యాక జూలూరుపాడులో మా వీధిలోనే కిరాయికి దిగింది. మనసు వెన్న, నోరు మాత్రం మా మిరపకాయే. నేను పనిచేసే బడిలో ఒక ఆదివారం ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టింది. ఊక బస్తా నేల మీద పరిచి, నడుమ రెండు అరచేతులూ ఆనించి నొక్కమంది. అందరం కిసుక్కున నవ్వాం.

"నగండి. మీ ఇంట్ల మనిషి పడిపోయిననాడు నగేటందుకు టైం ఉండది. గుండె ఆగితే దాని పని మన చేతులు చెయ్యాలె. రొమ్ము నడుమ, గట్టిగ, జల్దీ. ఒకరు అలిసిపోతే ఇంకొకరు. జంట రోకళ్ళు ఎట్ల పడ్తయో గట్ల, పోటు తెగొద్దు. నులక మంచం మీద మాత్రం కాదు. ఉయ్యాలల రోలు పెట్టి దంచుతరా? నేలకు దించాలె."

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. మా అత్తమ్మే లేచింది. "మనిషిని నేలకు దించుడంటే పాణం పోయినట్టే సిస్టరమ్మా. మేం గట్ల చెయ్యం."

"పోయేటోళ్ళను దించుడు మీకెరుకే. బతికేటోళ్ళను గూడ దించుడు నేర్చుకోండి" అంది సిస్టర్. అత్తమ్మ మూతి ముడుచుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత సిస్టర్ ఎదురుపడితే తల తిప్పుకునేది.

ఆ ఏడాదే మిరప కోతల కాలంలో మా ఆయన చేను నుంచి వచ్చి, ఛాతీ పట్టేసిందంటూ మంచం మీద వాలాడు. గురక లాంటి చప్పుడు రెండుమూడు సార్లు వచ్చింది, అంతే. పక్కింటివాళ్ళు మూర్ఛ అనుకుని ఆయన గుప్పిట్లో తాళాలగుత్తి పెట్టారు, నోట్లో నీళ్ళు పోయబోయారు. అంబులెన్సుకు ఫోన్ చేయమని అరిచి, నేను ఆయన భుజాలు పట్టుకున్నాను. "కిందికి దించండి!"

అత్తమ్మ అడ్డం పడింది. "నా కొడుకు పోయిండని ఊరికి చాటుతున్నవా? నీ నోట్ల మన్నుపడ!"

ఆ ఇంట్లో నేను ఆమెకు ఎదురు మాట్లాడింది లేదు. ఆ రోజు ఆమెను పక్కకు నెట్టాను. ఆయన్ని నేల మీదికి లాగి నొక్కడం మొదలుపెట్టాను. నా చేతులు పడిపోతున్న సమయానికి సిస్టర్ రొప్పుతూ వచ్చింది. నన్నొకసారి చూసి, అత్తమ్మ వైపు తిరిగింది.

"ఏడుస్తవేంది? నీ అసొంటి దంపుడు ఈ వాడల ఎవరికొస్తది? దా, చెయ్యెయ్యి!"

అత్తమ్మ మోకాళ్ళ మీద కూలబడింది. సిస్టర్ ఆమె చేతులు సరైన చోట ఉంచింది. అత్తమ్మ నొక్కింది, తర్వాత నేను, మళ్ళీ అత్తమ్మ. లోపల ఏదో పటుక్కుమంటే నేను కెవ్వుమన్నాను. "ఎముక విరిగితే అతుకుతది. ఆపకుండ్రి" అంది సిస్టర్. అంబులెన్సు వచ్చి, ఛాతీకి పట్టీలు అతికించి కరెంటు షాక్ ఇచ్చేదాకా మేం ఆపలేదు. గుండె మళ్ళీ కొట్టుకుంది.

ఖమ్మంలో మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు. కానీ గుండె సరిగా పంపు చేయడం లేదన్నారు. ఇంటికొచ్చాక గేటు దాకా నడిస్తే ఆయాసం. ఇక ఇంతేనా అని ఏడ్చాను. "దెబ్బతిన్న గుండె లేవంగనే పనికి పోతదా? గోలీలు మానొద్దు, డాక్టర్ చెప్పినంతనే నడువు" అంటూ సిస్టర్ రోజూ పొద్దున్నే వచ్చి ఆయన్ని తిడుతూ నడిపించింది. కొన్ని నెలలకు పరీక్ష చేసిన డాక్టర్, గుండె బలం చాలావరకు తిరిగొచ్చిందన్నాడు. ఆ రోజు అత్తమ్మ పచ్చడి జాడీ తీసుకెళ్ళి సిస్టర్ గడప మీద పెట్టి వచ్చింది.

పోయిన వానాకాలం సిస్టర్ క్యాన్సర్‌తో వెళ్ళిపోయింది. "నా గుండెను ఇగ దంచకుండ్రి, అది మస్తు పనిచేసింది" అని ముందే చెప్పింది. ఆమెను నేలకు దించినప్పుడు అత్తమ్మా నేనూ చెరో పక్క పట్టుకున్నాం. అంత బరువు నేనెప్పుడూ మోయలేదు.

ఇప్పుడు బడిలో ఊక బస్తా పరిచేది మేమిద్దరమే. నేలకు దించాలనే మాట మాత్రం అత్తమ్మే చెబుతుంది, నన్ను చెప్పనివ్వదు.

ఘాటుకు మా ఆయన తుమ్ముతూ వచ్చి పక్కటెముకలు పట్టుకున్నాడు. "మెల్లగ దంచవే అమ్మా. తుమ్మితే ఆ ఎముక ఇంకా గుంజుతున్నది."

"గుంజనియ్యి" అంది అత్తమ్మ రోకలి ఆపకుండానే. నేను వెళ్ళి రెండో రోకలి అందుకున్నాను.