కోటు లోపలి వైపు

నా చెల్లెలు ఎంబ్రాయిడరీ మిషను నడుపుతుంది. చొక్కా జేబుల మీద కంపెనీ గుర్తులు, బడిపిల్లల బ్యాడ్జీలు, హోటలు తువ్వాళ్ల అంచున పేర్లు కుట్టి ఇస్తుంది. మీట నొక్కితే అయిపోయే పనికి అంత పట్టింపు దేనికని అడిగిన విద్యావంతులు నాకు చాలామంది తెలుసు. వారితో వాదించి గొంతు పోగొట్టుకున్నాను. మీట నొక్కితే వచ్చేది చప్పుడు మాత్రమే. ఏ కుట్టు ఎటు వాలాలో, ఎంత దగ్గరగా పడాలో, గుడ్డ ఎక్కడ ముడుచుకుపోబోతోందో ముందే ఊహించి కంప్యూటరులో గీసుకోవాలి. ఆ గీతల దగ్గర కూర్చుంటే ఆమెకు అన్నం గుర్తుండదు.

వీధివైపు గదిలో మిషను, లోపలి గదిలో ఇస్త్రీ బల్ల. ఇస్త్రీ, మడత, కట్టలు కట్టడం ఆమె భర్త పని. నోరు ఊరుకోని మనిషి. "మీ చెల్లెలు చెట్టున ఉన్న ఆకుకి కూడా వంక పెడుతుంది బావగారూ. నన్ను ఎలా ఒప్పుకుందో ఇప్పటికీ అర్థం కాదు" అంటాడు. కాగితాలు చూసే బాధ్యత నాది.

ఆ కొట్టును ఏటా నిలబెడుతున్నది ఒక ఆసుపత్రివారి పని. సిబ్బంది తెల్లకోట్ల మీద, ఎడమ రొమ్ము దగ్గర, వలయంలో రెండు ఆకులు. ఈసారి స్టోర్సు అధికారి ఆకుల ఈనెలు స్పష్టంగా కనబడాలన్నాడు. అనవలసిన మనిషితోనే అన్నాడు. ఆమె అడుగున ఒక వరస కుట్టు పరిచి, దాని మీద దారాలను సందు లేకుండా దగ్గరకు చేర్చి, మధ్యలో ఈనెలను వెంట్రుకంత సన్నగా నడిపించింది. కిటికీ దగ్గర పట్టుకుంటే ఆకు తడిసినట్టు మెరిసింది. అధికారి మురిసిపోయి నమూనా గుడ్డ మూలన సంతకం చేశాడు. సంతకమున్న దేనినీ నేను పారవేయను కనుక ఆ గుడ్డ ఇప్పటికీ నా దస్త్రంలో ఉంది.

సగం కోట్లు పంపాము. కొద్ది రోజులకే హెడ్ సిస్టరు వాటిని మూట కట్టించుకుని స్వయంగా వచ్చింది. ఒక కోటు తీసి మిషను మీద పడేసింది.

"ఇది ఆకు కాదమ్మా, అంట్లు తోమే పీచు. మా పిల్లలంతా డ్యూటీలో గోక్కుంటున్నారు. పేషెంట్లు చూసి జంకుతున్నారు, మాకేదో అంటుకుందని."

"కుట్టు చూశారా సిస్టర్? ఒక్క పోగు బయటికి లేదు."

"చూశాను. చాలా బావుంది. గోడకి తగిలించుకుంటే ఇంకా బావుంటుంది."

నాకు ఒళ్లు మండింది. దస్త్రం తెరిచి నమూనా ఆమె ముందు పెట్టాను. "ఇది మీవారు సంతకం చేసిన నమూనా. దీనికీ దానికీ వెంట్రుకవాసి తేడా ఉంటే చూపించండి."

"తేడా లేదనే కదండీ పెద్దాయనా మా ఏడుపు!"

ఇంకేదో అనబోయాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "లోపల పెట్టెయ్ అన్నయ్యా. సంతకం పెట్టినాయన ఈ కోటు తొడుక్కోడు కదా."

హెడ్ సిస్టరు గొంతు తగ్గించింది. "పైవాళ్లు పెద్ద ఫ్యాక్టరీకి ఇచ్చేద్దామంటున్నారు. నేనే అడ్డంపడి గడువు అడిగాను. మిగిలినవి ఇలాగే వస్తే మాత్రం నా మాట చెల్లదు తల్లీ."

ఆమె వెళ్లాక చెల్లెలు ఆ కోటు ఒంటికి తగిలేలా తొడుక్కుని పనికి కూర్చుంది. సాయంత్రానికి ఆకులు తగిలిన చోట, కాలరుకు కాస్త కింద, చర్మం ఎర్రగా కందింది. కోటు విప్పి తిరగేసి చూసింది. ఇన్నేళ్లుగా ముందువైపు కోసం ఆమె దాచినదంతా అక్కడుంది: ముడులు, గట్టిపడిన దారం, కుట్టేటప్పుడు గుడ్డ కింద పెట్టి తరవాత కత్తిరించే కాగితపు అంచులు. "గీరుతోంది" అంది.

కుట్టిన కోట్లను విప్పడానికి లేదు. విప్పితే గుడ్డ జల్లెడవుతుంది. వేడికి అంటుకునే మెత్తటి గుడ్డను వలయమంత కత్తిరించి, బ్యాడ్జీ వెనక ఇస్త్రీపెట్టెతో అతికించడమే దారి. ఆ పని భర్త తలకెత్తుకున్నాడు. ఆమె మిగిలిన సగం కోసం ఆకును మళ్లీ గీసింది. మొదట ఈనెలు ఉంచి కుట్లు మాత్రం ఎడంగా జరిపింది. కుట్టి, తొడుక్కుని చూసింది. గీరింది. పక్క ఈనెలు తీసింది. అయినా గీరింది. అడుగు వరస తీసింది, నడిమి ఈనె కూడా తీసింది.

"ఆకు బతికే ఉందా?" అని లోపలి గదిలోంచి భర్త అడిగాడు.

"ఉంది. ఒట్టి పచ్చమచ్చలా ఉంది."

అతడు ఈసారి నవ్వలేదు. టీ పెట్టి తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

హెడ్ సిస్టరు మళ్లీ వచ్చినప్పుడు కొత్త కోటును తిరగేసి, వెనకవైపు ముంజేతితో రుద్దింది. తరవాత చెంపకు ఆనించుకుంది. అతికించిన పాతవాటినీ అలాగే చూసింది. "హమ్మయ్య! ఇప్పుడు మనుషులు తొడుక్కునేలా ఉన్నాయి. వచ్చే ఏడాదీ ఇలాగే కుట్టు."

"ముందువైపు చూడరా సిస్టర్?"

"చూసేదేముందమ్మా, ఆకులే కదా!"

చెల్లెలు తలూపింది. పని నిలిచింది, కొట్టు నిలిచింది. తొడుక్కునేవారిని ఒక్క మాట అడగకుండా సంతకం చేసిన ఆ అధికారికి నేను రెండు పుటల లేఖ రాశాను. జవాబు రాలేదు, నకలు నా దగ్గర ఉంది. చెల్లెలు మాత్రం ఇప్పుడు ఏ నమూనా అయినా ముందు తన ఒంటి మీద ఒక పూట ఉంచుకుని గాని ఎవరికీ చూపించదు.

ఆసుపత్రి కోట్లు ఇంకా కుడుతూనే ఉంది. వలయం పూర్తయ్యేదాకా సూదినే చూస్తుంది. ఆకు మొదలవగానే కత్తెర అందుకుని, పక్కనున్న వేరే గుడ్డ దారాలు కత్తిరించుకుంటూ కూర్చుంటుంది. మిషను ఆగాకే మళ్లీ దాని వైపు తిరుగుతుంది.