మామ్మగారు రెండోసారి చదివించుకున్న ఉత్తరం

న్యూజెర్సీ పిస్కాటవేలో మా పాత పక్కింటి మామ్మగారు గత శుక్రవారం కన్నుమూశారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "నిద్రలోనే వెళ్ళిపోయిందండీ, పెయిన్ ఏమీ లేదు" అంది.

అప్పట్లో మా రెండిళ్ళూ గోడకు గోడ ఆనుకున్న టౌన్‌హౌస్‌లు. హెచ్‌ఫోర్ వీసా మీద ఉద్యోగం చెయ్యనివ్వరు కాబట్టి నేను ఇంట్లోనే ఉండేదాన్ని. పగలంతా ఆవిడే నాకు తోడు. "డ్రైవింగ్ నేర్చుకోవే. ఒకళ్ళు తీసుకెళ్తే తప్ప కదలని బతుకు వద్దు" అని పోరుపెట్టి, లైసెన్స్ వచ్చేదాకా వదల్లేదు.

ఆవిడ పెంచిన మనవడు, ఆ కూతురి కొడుకు, అమెరికా ఆర్మీలో చేరి ఇరాక్ వెళ్ళాడు. వాళ్ళమ్మ పేరు మీద ఇంగ్లీషులో ఉత్తరాలు రాసేవాడు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కూతురు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగలేక మధ్యాహ్నమే నా తలుపు తట్టేవారు. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని గానీ కవరు ముట్టేవారు కాదు. ముందు నా చేతికి కాఫీ ఇచ్చి, "గొంతు తడుపుకో. ఎండిన గొంతుతో చదివితే మంచి కబురు కూడా చెడ్డగా వినిపిస్తుంది" అనేవారు.

చివరి ఉత్తరం ఇసుకలో తవ్వుకున్న కందకంలో కూర్చుని రాశాడు. బూట్లలో ఇసుక, డబ్బా తిండి, ఆవకాయ మీద బెంగ, అన్నీ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఒకచోట మాత్రం ఆగి, నాలుగు వరుసలు దాటేశాను. అవి అమ్మమ్మకి తెలియకూడదని వాడే రాశాడు. సాయంత్రం చదివిన కూతురూ ఆ మాట ఎత్తలేదు.

మూడు వారాలకు యూనిఫాంలో ఇద్దరు వచ్చి వాళ్ళింటి బెల్ కొట్టారు.

మనవడి అంత్యక్రియలైన వారానికి ఆవిడ ఆ ఉత్తరం పట్టుకుని వచ్చారు.

"ఆరోజు ఒకచోట ఆగావు. అక్కడేముందో చదువు."

"ఇప్పుడెందుకు మామ్మగారూ?"

"వాడి మాట. నాకు కావాలి."

చదివాను. "గుండ్లు పడుతుంటే భయమేస్తోంది. చిన్నప్పుడు ఉరుములకి అమ్మమ్మ చెప్పించిన అర్జునుడి పేర్లు అనుకుంటున్నా. అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి. తర్వాతది గుర్తు రావట్లేదు. అమ్మమ్మని అడగొద్దు, నేను భయపడుతున్నానని తెలిసిపోతుంది."

"శ్వేతవాహన" అన్నారావిడ, చాలా మెల్లగా. "అడిగితే చెప్పేదాన్ని కదే."

ఆ నాలుగు వరుసలూ అప్పుడే చదివి ఉంటే, ఆ పేర్లు జవాబులో వెళ్ళేవి. ప్రాణం నిలిపేవని కాదు, ఆ కందకంలో వాడి నోటికి అందేవి. ఆవిడ మాత్రం, ఆరోజూ ఆ తర్వాతా, నన్ను ఒక్క మాట అనలేదు.

కాసేపటికి పెన్ను తెమ్మన్నారు. ఉత్తరం అడుగున ఖాళీ చూపించి, మిగతా పేర్లు రాయమన్నారు. తెలుగులో మొదలుపెట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఇంగ్లీషులో రాయమ్మా. వాడికి తెలుగు చదవడం రాదు."

రాశాను. ఒక్కో పేరు పూర్తయ్యేదాకా పెన్ను వైపే చూస్తూ ఆగి, అప్పుడు తర్వాతి పేరు చెప్పారు.