నెత్తళ్ళ గీత

మా అత్త పోయిందని మావ ఫోన్ చేసేసరికి నేను శ్రీకాకుళంలో ఆమె డీటీపీ సెంటరులో, ఆమె కుర్చీలోనే కూర్చుని, ఎవరిదో గృహప్రవేశం కార్డులో గీత మందం తగ్గిస్తున్నాను. "ఒసే, మీ అత్త ఎలిపోనాదే," అన్నాడు మావ. ఆసుపత్రికి వెళ్ళేముందు అత్త నాతో అన్న ఆఖరి మాట "ఆ గీత లావుగా ఉన్నాది, సన్నం సెయ్యి" అని. సన్నం చేసి, సేవ్ చేసి, అప్పుడు ఏడిచాను. ముందే ఏడిస్తే తిట్టేది.

పేరాకి పైనా కిందా వేసే గీతల్ని మీరెవరూ పట్టించుకోరని నాకు తెలుసు. అత్త మటుకు మనుషుల్నే గీతల్ని బట్టి అంచనా కట్టేది. పెళ్ళికి తీగ గీత, చర్చి కార్యక్రమానికి జంట గీత. చుక్కల గీత అడిగినవాడు నిలకడ లేని మనిషని ఆమె నమ్మకం. అలాంటివాళ్ళకి కుర్చీ కూడా వేసేది కాదు.

మాకు చుట్టరికమేమీ లేదు, ఆమె దగ్గర పనికి చేరి వరస కలిపి అత్తా అని పిలిచేదాన్ని. చేరిన కొత్తలో నేను గీతలు విడిగా గీసేదాన్ని. "పేరాకి కట్టవే. పేరా ఎటెల్తే గీత అటెల్లాల," అని అత్త మొత్తుకునేది. నేను వింటేగా. ఒక పెళ్ళికార్డులో చివరి నిమిషాన ఇద్దరు బాబాయిల పేర్లు చేర్చమన్నారు. చేర్చాను. అక్షరాలన్నీ కిందికి జరిగాయి, గీత మాత్రం ఉన్నచోటే ఉండి, పెళ్ళికొడుకు తాతగారి పేరు మీదుగా అడ్డంగా పోయింది. కార్డులు అచ్చయిపోయాక తాతగారే స్వయంగా వచ్చారు.

"బతికున్నోడి పేరు కొట్టీసినారేటమ్మా?"

అత్త కార్డు చూసింది, తాతని చూసింది. "కొట్టీనేదు తాతా. పెద్దోళ్ళ పేరు కింద గీత ఎయ్యాల గదా, అది కాస్త పైకి జరిగిపోనాది."

"మరి మా వియ్యంకుడికి ఎయ్యనేదేటి?"

"ఆయనంత పెద్దోడేటి?"

తాత మీసం దువ్వుకుంటూ మెట్లు దిగాడు. అప్పుడు అత్త నా వైపు తిరిగింది. ఆ మాటలు ఇక్కడ రాయలేను. సాయంత్రానికి కార్డులన్నీ మళ్ళీ వేయించి, తనే మోసుకెళ్ళి వాళ్ళింట్లో ఇచ్చి వచ్చింది.

అత్త పుట్టిల్లు కళింగపట్నం. చిన్నప్పుడు ఇసక మీద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టి, కాకులు తన్నుకుపోకుండా కాపలా కాసేదట. ఆ వరసని తలుచుకుని, ఒకదాని తోక వెనక ఒకటి చిన్న చేపలు పేర్చి ఒక గీత తయారుచేసుకుంది. వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేది. ఒక్కరూ ఒప్పుకోలేదు. "పెళ్ళికార్డు నీసు కంపు కొడతాదమ్మా," అన్నారొకరు. చివరికి ఒక పడవ యజమాని కూడా "రోజూ సూసేవే గదా, గులాబీలెయ్యమ్మా," అన్నాడు. అత్త మొహం చిన్నబుచ్చుకుని గులాబీలు వేసింది. "ఎప్పుడో ఒకడొస్తాడే," అనేది నాతో. ఆ ఒక్కడూ రాకుండానే పోయింది. మిగతావాటన్నిటికీ నవ్వుతాను గానీ, అది తలుచుకుంటే మాత్రం నాకు నవ్వు రాదు.

అత్త పోయినందుకు ఇంటివాళ్ళని ఓదార్చడానికి చర్చివాళ్ళు జరిపే ఆదరణ కూడికకి కార్డు నేనే వేయాల్సి వచ్చింది. "నల్లగీత ఎయ్యి చాలు, నెత్తళ్ళేస్తే నలుగురూ నవ్వుతారు," అన్నాడు మావ. నేను నెత్తళ్ళే వేసి, ప్రూఫ్ మావ ఇంటికి పట్టుకెళ్ళాను. అక్కడే ఉన్న పాస్టరుగారు అందుకుని కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎంత చక్కని ఆలోచనమ్మా! తొలినాటి విశ్వాసులు ఒకరినొకరు చేప గుర్తుతోనే పోల్చుకునేవారు," అన్నారు.

అవి ఎండు నెత్తళ్ళని మావకి బాగా తెలుసు. అయినా అవునవునని తలూపాడు. ప్రూఫ్ తీసుకుని కింద కుటుంబసభ్యుల పేర్లు వేలుపెట్టి చదివాడు. తన పేరు, కొడుకుల పేర్లు, కోడళ్ళ పేర్లు. వేలు ఆగింది.

"నీ పేరేదే?"

"ఇంటోళ్ళ పేర్లు గదా మావా."

"ఇన్నేళ్ళు దాని పక్క కుర్చీలో కూకున్నావు. ఇంకెవలిదే ఇల్లు? ఎయ్యి."

సెంటరుకి తిరిగొచ్చి, ఆఖరి పేరు పక్కన ఎంటర్ కొట్టి నా పేరు టైపు చేశాను. గీత పేరాకే కట్టి ఉంది, దాన్ని ముట్టుకోలేదు. నెత్తళ్ళన్నీ వరస చెదరకుండా ఒక్కసారే కిందికి జరిగి నాకు చోటిచ్చాయి.