మూతి మూసిన నక్క

గురువమ్మ చేతికి కన్నాలు పొడవడం పుట్టుకతోనే వచ్చిందని సముద్రం నడుమ దీవుల్లోని మిన్నీ బే పేటలో అనేవారు. మొగుడు సూరయ్య కుమ్మరి. కుండలతో పాటు, జాలరులు వల అంచున బరువు కోసం కట్టే మట్టిగుండ్లు కూడా చేసేవాడు. గుండు పచ్చిగా ఉండగానే వెదురుపుల్లతో నడిమధ్యన కన్నం పొడవడం గురువమ్మ పని. పొద్దస్తమానం పొడిచినా ఒక్కటి వంకరపోయేది కాదు. బతుకంతా ఆ పుల్లతో గడిపిన మనిషి చివరికి ఒక్క కన్నం దగ్గర ఓడిపోయింది.

యుద్ధంలో జపానువాళ్లు ఆ దీవుల్ని పట్టుకునేసరికి వాళ్ల ఒక్కగానొక్క కొడుకు అప్పలకొండకు పదిహేనేళ్లు. మూడేళ్లు గడిచి యుద్ధం చివరికొచ్చిన రోజుల్లో ఒక జపాను సోల్జరు సూరయ్య ఆవం దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. వాడి తాతదీ కుమ్మరి పనేనట. తమ దేవుడి గుడి ముందు పెట్టే నక్కల జత చేసిపెట్టమన్నాడు, ఒకటి మూతి తెరిచి, ఒకటి మూసి. మన దగ్గర నక్క అంటే జిత్తులూ, దొంగ వినయాలూ. వాళ్ల దగ్గర నక్క దేవుడి కబుర్లు మోసేదట! సూరయ్య లోపల నవ్వుకున్నాడు గానీ, కాదంటే తంతారు కదా. ఈ దీవుల్లో చూద్దామంటే నక్క లేదు. చిన్నప్పుడు శ్రీకాకుళం చేలల్లో చూసినదాన్ని తలుచుకుని చేశాడు. మూతి తెరిచిన నక్క చక్కగా కాలింది. రెండోది ఇంకా పచ్చిగా ఉండగానే, వేరే దీవిలో పని ఉందని చెప్పి జపానువాళ్లు మరికొందరితో పాటు అప్పలకొండను పడవెక్కించారు.

సూరయ్య ఆ సోల్జరు కాళ్ల మీద పడ్డాడు. వాడు వచ్చీరాని హిందీలో, "ఏ బులాతా, ఏ పకడ్తా" అన్నాడు. తెరిచిన మూతి పోయినవాణ్ణి పిలుస్తుందట, మూసిన మూతి వచ్చిన ప్రాణాన్ని జారిపోకుండా పట్టి ఉంచుతుందట. జత పూర్తయితే పిల్లాడు తిరిగొస్తాడట. రెండోదానికి ఎక్కడా కన్నం ఉండకూడదని పచ్చి నక్కను బొటనవేలితో చుట్టూ అదిమి చూపించాడు. నమ్మే చెప్పాడో, ఏడుస్తున్న తండ్రిని వదిలించుకోవడానికే చెప్పాడో. నెల తిరక్కుండా యుద్ధం ముగిసింది, వాడూ పోయాడు. పడవెక్కినవాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు.

లోపల బోలుగా ఉండి గాలి పోయే దారి లేని బొమ్మ ఆవంలో పగులుతుందని కుమ్మరికి ఒకరు చెప్పాలా? సూరయ్య తెలిసే కన్నం పెట్టలేదు. స్వరాజ్యం వచ్చింది. జహాజుల్లో కొత్త జనం దిగి, అడవి కొట్టి, పాకలు వేసుకున్నారు. సూరయ్య మాత్రం ఏడాదికో నక్కను ఆవంలో పెట్టి, పెంకులు ఏరుకున్నాడు. నక్క తోక తొక్కినవాడిది అదృష్టమంటారు. ఈయన పది నక్కలకు తన చేతుల్తో తోకలు తీర్చాడు, ఒక్కటీ కలిసిరాలేదు.

"సూరయ్య భయ్యాకి దిమాక్ పాడైపోనాది దీదీ," అనేది పక్కింటి దేముడమ్మ. "ఒక్క సిల్లెట్టమను. ఏటవుతాది?"

"ఆ మాటంటే కూడు మానేత్తాడే."

గురువమ్మకు నక్కల మీద నమ్మకం లేదు. కొడుకు ఇక లేడని పడవ కదిలిన రోజే ఆమె కడుపుకు తెలిసిపోయింది. ఉన్నది మొగుడొక్కడు. బొమ్మ పగిలినప్పుడల్లా ఆ మనిషి నాలుగు రోజులు గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒక్కసారి జత కుదిరి, అప్పటికీ కొడుకు రాకపోతే, కరువుతీరా ఏడ్చి ఊరుకుంటాడనుకుంది. పదకొండో నక్క నీడన ఆరుతుండగా, అతను కట్టెలకు వెళ్లిన వేళ చూసి, తోక కింద వెదురుపుల్ల గుచ్చింది. వేలు పెట్టి తడిమితే తప్ప తెలియని చోట.

ఆవం తెరిస్తే నక్క నిక్షేపంలా ఉంది. సూరయ్య దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని తిరిగాడు. రెండింటినీ గుమ్మానికి చెరోపక్క కూర్చోబెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని, జహాజు వచ్చిన ప్రతిసారీ జెట్టీకి పోయాడు. ఏడవనూ లేదు, ఊరుకోనూ లేదు. ఆరేళ్లు అలా ఎదురుచూశాడు. గురువమ్మ అనుకున్నదొకటి, అయినదొకటి.

ఆ తర్వాతి వానాకాలంలో జ్వరంతో మంచం పట్టాడు.

"గురివీ, నానేటి తప్పు సేసినానే?" అని అడిగాడు. "మట్టి మంచిదే. సిల్లెట్టనేదు. జత కుదిరినాది. మరి మన గుంటడు ఎందుకు రానేదు?"

చెబితే తన పదకొండేళ్ల కష్టం పెళ్లాం చేతిలో మట్టిపాలైందని తెలిసి చస్తాడు. చెప్పకపోతే తప్పు తనదేనని కుమిలి చస్తాడు. "నీ తప్పేటీ నేదు," అంది. అతను నమ్మలేదు. మర్నాడు పోయాడు.

పన్నెండో రోజు అయ్యాక గురువమ్మ మూసిన మూతి నక్కను ఒళ్లోకి తీసుకుని, తోక కింద వేలు పెట్టి చూసింది. నమ్మనిదానికి భయమెందుకు? అయినా భయం వేసింది. వాడు నిజంగా వచ్చి ఉంటే? వచ్చి, తల్లి పొడిచిన ఈ కన్నంలోంచే జారిపోయి ఉంటే? లేచి వెళ్లి తడిమట్టి తెచ్చి కన్నంలో అదిమింది. మధ్యాహ్నానికి అది ఎండి ఊడి పడింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ పెట్టింది. ఆ మర్నాడూ పెట్టింది.

"కాలిన మట్టికి పచ్చిమట్టి అతకదు దీదీ," అంది దేముడమ్మ, చూడలేక.

"తెలుసునే," అంది గురువమ్మ, మట్టి తడుపుతూ.